వెనక వరసలో పెట్టిన ఫోను

శ్రోతలందరికీ నమస్కారం.

బడి వదిలాక పిల్లలు సంగీతం క్లాసుకు వస్తారు. కొందరు పరుగెత్తుకుంటూ వస్తారు, కొందరు కాళ్ళీడ్చుకుంటూ వస్తారు. పొద్దుట్నుంచీ కూర్చుని కూర్చుని అలిసిపోయి ఉంటారు. ఎనిమిదేళ్ళ పిల్లాడి పక్కన పదమూడేళ్ళ అమ్మాయి కూర్చుంటుంది. రెండేళ్ళుగా నేర్చుకుంటున్న పిల్ల పక్కన నిన్ననే చేరిన పిల్ల. గదిలో అప్పటిదాకా ఇంకేదో క్లాసు జరిగి ఉంటుంది, కుర్చీలు మనమే జరుపుకోవాలి. వయొలిన్లు పది ఉంటే పిల్లలు పద్నాలుగు మంది. అలాంటి గదిలోకి ఒక్క టీచరు వెళ్ళి ముప్పావుగంటలో అందరి చేతా పాట పలికించి రావాలి.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ టీచరు గురించి. ఆ టీచరుకి ఎవరు నేర్పుతారు? అదీ సంగతి.

సంగీతం వచ్చినవాళ్ళకి మళ్ళీ నేర్పడమేమిటని మీకు అనిపించొచ్చు. నిజమే, వాళ్ళకి సంగీతం వచ్చు. చాలామందికి చాలా బాగా వచ్చు. కానీ వాయించడం వేరు, వాయింపించడం వేరు. మన చేతికి అలవాటైపోయిన పనిని తొమ్మిదేళ్ళ పిల్ల చేతికి అందించడం ఇంకో విద్య. ఆ విద్యని మాకెవరూ విడిగా నేర్పలేదు. మా గురువులు మాకెలా చెప్పారో అలాగే మేమూ చెబుతూ వచ్చాం. వాళ్ళ ఎదురుగా మేం ఒక్కరమో ఇద్దరమో కూర్చునేవాళ్ళం. మా ఎదురుగా పద్నాలుగు మంది.

బడిలో పనిచేసే టీచరుకి స్టాఫ్ రూము ఉంటుంది. ఒక పాఠం కుదరకపోతే పక్క క్లాసు టీచరుని అడగొచ్చు. సాయంత్రం క్లాసులు చెప్పే సంగీతం టీచరుకి ఆ పక్క క్లాసు ఉండదు. గంటల లెక్కన జీతం, క్లాసు అవగానే ఇంకో చోటికి పరుగు. ఏళ్ళ తరబడి తన క్లాసు తను చెప్పుకుంటూ పోవడమే. ఇంకొకరు క్లాసు ఎలా చెబుతారో చూసే వీలు లేదు, తన క్లాసుని ఇంకొకరు చూసేదీ లేదు.

ఇలాంటి సాయంత్రపు సంగీతం ఎంత దూరం వెళ్ళగలదో ప్రపంచం చూసింది. వెనిజులాలో ఎల్ సిస్టెమా అనే కార్యక్రమం 1975లో మొదలైంది. మొదలుపెట్టిన హోసే ఆంటోనియో అబ్రేయు సంగీతకారుడు, ఆర్థికశాస్త్రం చదివినవాడు. కరకస్ నగరంలో ఒక గ్యారేజీలో 11 మందితో మొదటి రిహార్సల్ జరిగిందని చెబుతారు. ఆ తర్వాత అది లక్షల మంది పిల్లలకి చేరింది. అందులో నాకు బాగా నచ్చింది వాద్యబృందాల సంఖ్య కాదు. అక్కడ కాస్త ముందు నేర్చుకున్న పిల్లలు చిన్నవాళ్ళకి నేర్పుతారు. నేర్పడం కూడా నేర్చుకోవాల్సిన పనేనని వాళ్ళకి చిన్నప్పుడే తెలిసిపోతుంది. మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

సరే, శిక్షణ అనగానే ఏం చేస్తారు? ఒక రోజు వర్క్‌షాపు పెడతారు. పెద్ద హాలు, తెర మీద బొమ్మలు, చివర్లో ఒక సర్టిఫికెట్. నేను అలాంటివి చాలా చూశాను. చెప్పేవాళ్ళు మంచివాళ్ళే, చెప్పేవీ మంచి మాటలే. కానీ మర్నాడు సాయంత్రం పద్నాలుగు మంది పిల్లలు గదిలోకి వచ్చేసరికి అందులో ఒక్కటీ గుర్తుకు రాదు. హాల్లో విన్నమాట హాల్లోనే ఉండిపోతుంది. శిక్షణ మా గదిలోకి రావాలి. మా పిల్లలు, మా గోల, మా వయొలిన్లు ఉన్న చోటికే రావాలి.

అది ఎలా వస్తుందో చెప్పడానికి ఒక్క అనుభవం చెబుతాను. ఒక్కటే, కానీ పూర్తిగా చెబుతాను.

నేను వయొలిన్ నేర్పుతాను. మా దగ్గరే తాళవాద్యాలు నేర్పే పెద్దాయన ఒకరుండేవారు. ఓ రోజు ఆయనతో, ‘మాస్టారూ, ఆరు వారాలైంది, ఒక్క చిన్న పాట పూర్తి కావట్లేదు, పిల్లలు వినరండీ’ అని చెప్పుకున్నాను. ఆయన పెద్దగా ఏమీ అనలేదు. ‘క్లాసు ఒక పది నిమిషాలు ఫోన్లో రికార్డు చేసి పట్రా అమ్మా, విందాం’ అన్నారు.

చేశాను. ఫోను ఎక్కడ పెట్టాలో తోచక వెనక వరస పక్కన కిటికీ గట్టు మీద పెట్టాను. పెట్టిన సంగతి కాసేపటికి నేనే మర్చిపోయాను.

మర్నాడు ఇద్దరం కూర్చుని విన్నాం. ఆయన ఒక కాగితం తీసి నిలువుగా రెండు గీతలు గీశారు. మూడు గళ్ళు వచ్చాయి. మొదటి గడిలో పిల్లలు వాయించిన సమయం. రెండో గడిలో నేను మాట్లాడిన సమయం. మూడో గడిలో కుర్చీలు జరుపుకోవడం, కాగితాలు వెతుక్కోవడం, శ్రుతి చేసుకోవడం. జీవితమంతా తాళం వేసిన మనిషి, సెకన్లు ఆయన వేళ్ళ మీదే నడిచాయి. పది నిమిషాలూ అయ్యాక కూడితే, నేను మాట్లాడింది 5 నిమిషాల 10 సెకన్లు. సర్దుకోవడానికి పట్టింది రెండు నిమిషాలు. పిల్లలు వాయించింది 2 నిమిషాల 50 సెకన్లు.

రెండు నిమిషాల యాభై సెకన్లు. వయొలిన్ క్లాసులో వయొలిన్ మోగింది అంతసేపే.

‘ఆగండి’ అన్నమాట 14 సార్లు అన్నాను. ఎవరో ఒకరు తప్పు పలికించగానే ఆగండి. ఆపాక వివరణ. వివరణ అయ్యేసరికి ముందు వరస చేతులు దించేసింది, వెనక వరస కబుర్లలో పడింది. మళ్ళీ వాళ్ళని సర్దుకోమనడం. మళ్ళీ మొదట్నుంచి.

అది వింటే నాకు కష్టంగానే అనిపించింది. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు.

ఏడో నిమిషం దగ్గర మాస్టారు చెయ్యెత్తి, ‘ఇక్కడ మళ్ళీ పెట్టమ్మా’ అన్నారు. పెట్టాను. నా గొంతే వినిపిస్తోంది, బో, అదే వయొలిన్ తీగల మీద లాగే కమాను, ఎలా పట్టుకోవాలో చెబుతున్నాను. ‘నీ గొంతు కింద విను’ అన్నారు. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. నా మాటల కింద సన్నగా తీగ మీటుతున్న చప్పుడు. బో లేకుండా, వేలితో. పిల్లలంతా ఆరు వారాలుగా తడబడుతున్న ఆ ముక్కనే ఎవరో మీటుతున్నారు. మొదటిసారి నాలుగో స్వరం దగ్గర తప్పింది. రెండోసారి తప్పింది. మూడోసారి అంతా సరిగ్గా వచ్చింది. లయ తప్పలేదు. ఆ వెంటనే రికార్డులో నా గొంతు: ‘ఎవరికీ రావట్లేదు, మళ్ళీ మొదట్నుంచి.’

కిటికీ పక్కన కూర్చునేది ఒక తొమ్మిదేళ్ళ పాప. ఎప్పుడూ మాట్లాడదు. అడిగితే తలొంచుకుంటుంది. ఆ పాపకి ఇంకా పట్టుబడలేదని నా పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. పట్టుబడింది. నేను మాట్లాడుతున్నంతసేపూ తనకి తనే నేర్చుకుంటోంది. నా మాట ఆగితే తప్ప అది నాకు వినిపించదు. నా మాట ఆగలేదు.

తర్వాత వారం నేను మార్చుకున్నది ఒక్కటే. ఆపితే ఒక్క వాక్యం. ఆ తర్వాత నాలుగు అంకెలు లెక్కపెట్టడం, వాయించడం. అంతే. వాక్యం మంచిది కాకపోయినా సరే, రెండో వాక్యం వద్దు. మళ్ళీ పది నిమిషాలు రికార్డు చేశాం. పిల్లలు వాయించింది ఆరు నిమిషాలకి కాస్త ఎక్కువే వచ్చింది. వాళ్ళు పోయిన వారం కంటే బాగా వాయించారా అంటే, మొదట్లో లేదు. చప్పుడు ఎక్కువైంది. మూడో వారానికి పాట చివరిదాకా వెళ్ళింది.

ఇందులో కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1960లలో డ్వైట్ ఆలెన్, ఆయన సహచరులు టీచర్ల శిక్షణలో సూక్ష్మబోధన అనే పద్ధతి తెచ్చారు. కొద్దిమంది పిల్లలకి కొద్ది నిమిషాల పాఠం చెప్పడం, ఆ రికార్డు చూసుకోవడం, ఒక్క అంశం సరిచేసుకుని మళ్ళీ చెప్పడం. అప్పట్లో దానికి పెద్ద యంత్రాలు కావాల్సి వచ్చేది. ఇప్పుడు జేబులో ఫోను చాలు.

1970లలో మేరీ బడ్ రో అనే ఆవిడ సైన్సు క్లాసుల రికార్డింగులు విని టీచరు మౌనాన్నే కొలిచారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను దాకా ఆగి, జవాబు రాకపోతే తామే మాట్లాడేస్తున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, అంతకుముందు నోరు విప్పనివాళ్ళూ మాట్లాడారు. మూడు సెకన్లంటే ఎంతో, ఇప్పుడే వినండి. ఒకటి... రెండు... మూడు. రేడియోలో ఇది చాలా పెద్ద నిశ్శబ్దం. క్లాసులోనూ అంతే, అందుకే భయపడి నింపేస్తాం.

చేతి గుర్తులూ ఇందుకే పనికొస్తాయి. స్వరానికో చేతి భంగిమ. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ కర్వెన్ అనే సంగీత బోధకుడు వాటిని వాడుకలోకి తెచ్చాడు, హంగరీలో జోల్తాన్ కొడాయ్ అనే స్వరకర్త పేరిట నడిచిన పద్ధతి వాటిని దేశదేశాలకీ చేర్చింది. చెయ్యి చూపిస్తే చాలు, పాట ఆపనక్కర్లేదు. చెయ్యి చెప్పగలిగిన మాటని నోటితో చెప్పకపోవడం నేను ఇప్పటికీ సాధన చేస్తూనే ఉన్నాను.

ఈ కార్యక్రమాలు నడిపే పెద్దలు వింటుంటే వాళ్ళకో మనవి. నెలకి ఒక్క గంట, ఇద్దరు టీచర్లు కలిసి కూర్చుని ఒకరి క్లాసు ఒకరు వినడానికి ఇవ్వండి. ఆ గంటకి క్లాసు గంటకి ఇచ్చినట్టే జీతం ఇవ్వండి. గంటల లెక్కన బతికే మనిషిని ఉచితంగా నేర్చుకోమనడం న్యాయం కాదు. పైనుంచి తనిఖీకి వచ్చినట్టు మాత్రం చేయకండి. తప్పులు పట్టే మనిషి వింటున్నారని తెలిస్తే, ఎవరైనా బాగా జరిగే క్లాసునే రికార్డు చేసి తెస్తారు.

ఇక టీచర్లకి. ఈ వారం ఒక్క పది నిమిషాలు. పిల్లల తల్లిదండ్రులకి, నిర్వాహకులకి ముందే చెప్పి అనుమతి తీసుకోండి. వీడియో అక్కర్లేదు, ఆడియో చాలు. విన్నాక చెరిపేయండి, ఎవరికీ పంపకండి. ఒంటరిగా వినకండి. ఒంటరిగా వింటే మన గొంతు మనకి నచ్చదు, అక్కడే ఆగిపోతాం. పక్కన ఒక మనిషి ఉండాలి, చేతిలో కాగితం, కాగితం మీద రెండు నిలువు గీతలు. వినడం అయ్యాక మార్చుకోవాల్సినవి పది కనిపిస్తాయి. ఒక్కటే ఎంచుకోండి. మిగతా తొమ్మిదీ వచ్చే నెలకి.

ఫోను మీ దగ్గర పెట్టుకోకండి. మీ దగ్గర పెడితే మీరే వినిపిస్తారు. వెనక వరసలో, చివరి కుర్చీ పక్కన, తెర కిందికి ఉండేలా బోర్లించి పెట్టండి.

నమస్కారం.