పసుపు పేటెంటు: అచ్చు కాగితం చెప్పిన సాక్ష్యం

శ్రోతలకు నమస్కారం. వైద్యం, న్యాయశాస్త్రం, సంస్కృతం, వాణిజ్యం అనేవి మన విశ్వవిద్యాలయాలలో నాలుగు వేరు వేరు భవనాలలో చెప్పే చదువులు. ఒక భవనంలో ఏం బోధిస్తున్నారో పక్క భవనంలోని వారికి సాధారణంగా తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ రాదు. అయితే ఈ నాలుగూ ఒకే కాగితం దగ్గర కలుసుకొని, ఒకదాని సాయం లేనిదే మరొకటి అడుగు వేయలేకపోయిన సందర్భం ఒకటి ఉంది. విద్యాశాఖల మధ్య సంబంధాన్ని సిద్ధాంతరీత్యా వివరించడానికి నాకిచ్చిన ఈ కొద్ది నిమిషాలు చాలవు కనుక, నాకు ఎంతో ఇష్టమైన ఆ ఒక్క ఉదంతాన్నే సాంతం చెబుతాను. అది పసుపు కేసు.

1993 డిసెంబరులో, అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి చెందిన ఇద్దరు పరిశోధకులు పేటెంటు కోసం దరఖాస్తు పెట్టారు. ఇద్దరూ భారత సంతతికి చెందినవారే. పసుపు పొడిని గాయం మీద వేసి గానీ, రోగికి లోపలికి ఇచ్చి గానీ, రెండూ కలిపి గానీ గాయాన్ని మాన్పే పద్ధతి తమ ఆవిష్కరణ అన్నది ఆ దరఖాస్తు సారాంశం. 1995 మార్చి 28న, 5,401,504 అనే సంఖ్యతో, అమెరికా పేటెంటు కార్యాలయం ఆ హక్కును మంజూరు చేసింది.

ఈ వార్త మన దేశానికి చేరేసరికి "అమెరికావాళ్లు మన పసుపునే పేటెంటు చేసుకున్నారట" అన్న మాటగా మారింది. ఈ మాట ఇప్పటికీ సభలలో వినిపిస్తూనే ఉంటుంది కనుక కాస్త సవరించి చెప్పాలి. వారికి దక్కింది పసుపు మొక్క మీద హక్కు కాదు, వంటలో వాడే పసుపు మీద హక్కు కాదు. గాయం మాన్పడానికి పసుపు పొడిని వాడే పద్ధతి మీద హక్కు. అదీ అమెరికా గడ్డ మీద మాత్రమే చెల్లుతుంది. నిజామాబాద్‌లోనో దుగ్గిరాలలోనో పసుపు అమ్మే రైతును దాని ఆధారంగా ఎవరూ కోర్టుకు ఈడ్చలేరు. అయినా ఆ వార్త మనవారికి గుచ్చుకుంది, గుచ్చుకోవడం సహజమే. వేలు తెగితే పసుపు అద్దడం ఈ దేశంలో ఎవరు ఎవరికి నేర్పారో చెప్పలేనంత పాతది.

మరి అంత పాతదానికి పేటెంటు ఎలా ఇచ్చారు? చిత్రమేమిటంటే, భారతదేశంలో పసుపును బెణుకులకూ వాపులకూ సంప్రదాయ ఔషధంగా చిరకాలంగా వాడుతున్నారన్న సంగతి ఆ పేటెంటు పత్రంలోనే రాసి ఉంది. దాచిపెట్టలేదు. పేటెంటు ఇవ్వడానికి చట్టం అడిగే మొదటి ప్రశ్న, ఇది కొత్తదా, కాదా అన్నది. కొత్తదా, కాదా అని తేల్చడానికి ఆనాటి అమెరికా చట్టం రెండు కొలబద్దలు పెట్టుకుంది. తమ దేశంలో జనానికి ముందే తెలిసి ఉన్నా, వాడుకలో ఉన్నా అది కొత్తది కాదు. పరాయి దేశం విషయానికి వస్తే వాడుకలో ఉండడం మాత్రం చాలదు. అక్కడ పేటెంటు అయినా జరిగి ఉండాలి, అచ్చయిన పుస్తకంలోనో పత్రికలోనో వర్ణన అయినా ఉండాలి. అంటే అమెరికాలోని ఒక పల్లెలో నలుగురికి తెలిస్తే అది తెలిసిన విషయమే, భారతదేశంలో కోట్లమందికి తెలిసినా అచ్చులో చూపించకపోతే అది తెలియని విషయమే. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న పొలమైనా పట్టా కాగితం లేకపోతే రెవెన్యూ కచేరీలో మాట చెల్లనట్టు, మన అమ్మమ్మల వైద్యం ఆ కార్యాలయంలో చెల్లలేదు. ఇందులో ఆ పరీక్షాధికారి దురుద్దేశం నాకేమీ కనిపించదు. తనకు అందుబాటులో ఉన్న పేటెంట్లనూ పత్రికలనూ ఆయన వెదికి ఉంటాడు. మన గ్రంథాలు ఆయన బీరువాలో లేవు.

అప్పట్లో మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి, అంటే సీఎస్‌ఐఆర్‌కు, రసాయన శాస్త్రవేత్త రఘునాథ్ మాషేల్కర్ డైరెక్టర్ జనరల్‌గా ఉన్నారు. ఆ సంస్థ 1996 అక్టోబరులో, ఈ పేటెంటును తిరిగి పరిశీలించవలసిందని అమెరికా కార్యాలయానికి దరఖాస్తు చేసింది. "మా ఇళ్లలో అందరికీ తెలుసు" అని వారు వాదించలేదు. ఆ వాదనకు అక్కడ విలువ లేదని వారికి తెలుసు. చట్టం అచ్చు కాగితం అడిగింది కనుక అచ్చు కాగితాలే పట్టుకెళ్లారు. సంస్కృతం, హిందీ, ఉర్దూ భాషలలోని గ్రంథాల నుంచి, వైద్య పత్రికల నుంచి 32 ఆధారాలు సేకరించి సమర్పించారు. వాటిలో కొన్ని నూరేళ్లు దాటినవి. ఒకటి 1953లో భారత వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసం.

ఇక్కడ నేను కొంచెం ఆగదలుచుకున్నాను, ఎందుకంటే ఈ కథ చెప్పేవారు సాధారణంగా దాటవేసే ఘట్టం ఇదే. ఆ 32 కాగితాలను వెదికిపట్టడం న్యాయవాది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, రసాయన శాస్త్రవేత్త ఒక్కడి వల్లా కాదు. శ్లోకాన్ని చదివి అన్వయం చెప్పగల సంస్కృత పండితుడు కావాలి. ఉర్దూలోని యునానీ గ్రంథంలో ఏ పుటలో ఏ లేపనం ఉందో తెలిసిన హకీము కావాలి. శ్లోకంలో హరిద్ర అని ఉంటే అది మన పసుపు. దారుహరిద్ర అని ఉంటే అది మరొక మొక్క. ఈ తేడా పట్టుకోవడానికి వృక్షశాస్త్రం తెలిసినవాడు ఆ పండితుడి పక్కనే కూర్చోవాలి. ఆ తరువాత అమెరికా పరీక్షాధికారి చదివి ఒప్పుకోగలిగేటట్టు వాటిని ఇంగ్లీషులోకి తేవాలి, అతిశయోక్తి ఒక్క మాట కూడా చొరబడకుండా. సంస్కృతం చదివితే ఏం ఉద్యోగం వస్తుందని అడిగేవారికి నేను ఈ ఘట్టమే చెబుతుంటాను.

1997 ఆగస్టులో అమెరికా పేటెంటు కార్యాలయం ఆ పేటెంటులో హక్కు కోరిన ఆరు అంశాలనూ తిరస్కరించింది. ఇది కొత్తది కాదు, ముందే తెలిసినదే అని తేల్చింది. 1998 ఏప్రిల్‌లో ఆ నిర్ణయాన్ని ఖాయపరుస్తూ వెలువడిన ధ్రువపత్రంతో వ్యవహారం ముగిసింది. ఒక వర్ధమాన దేశం తన సంప్రదాయ విజ్ఞానం ఆధారంగా అమెరికా పేటెంటును రద్దు చేయించడం అదే మొదటిసారి అని అంటారు.

గెలిచాము కదా అని కొందరు మరో మెట్టు ఎక్కి, పసుపు గాయాలను మాన్పుతుందని అమెరికాయే ఒప్పుకుందని ప్రచారం చేశారు. అది సరికాదు. ఆ కార్యాలయం విచారించిన ప్రశ్న పసుపు పని చేస్తుందా, చేయదా అన్నది కాదు. కొత్తదా, కాదా అన్నది. పని చేస్తుందా అన్న ప్రశ్నకు సమాధానం ప్రయోగశాలలోనూ ఆసుపత్రిలోనూ దొరకాలి, ఆ వెదుకులాట ఇంకా సాగుతూనే ఉంది. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ అనే పదార్థాన్ని 1815లోనే వేరుచేశారు, దాని నిర్మాణాన్ని 1910లో తెలుసుకున్నారు. దాని మీద వేలకొద్దీ పరిశోధన పత్రాలు వచ్చాయి. అయినా అది శరీరంలో సరిగా ఇంకదనీ, త్వరగా విచ్ఛిన్నమవుతుందనీ, కట్టుదిట్టమైన పరీక్షలలో ఆశించినంత ఫలితం చూపలేదనీ 2017లో వచ్చిన ఒక సమీక్ష గట్టిగానే హెచ్చరించింది. కాబట్టి చిన్న గీతకు పసుపు అద్దుకుంటే నాకు అభ్యంతరం లేదు గానీ, లోతైన గాయమైనా, తుప్పు పట్టిన మేకు దిగినా ముందు ఆసుపత్రికి వెళ్లండి.

వాణిజ్యం సంగతి క్లుప్తంగా చెబుతాను. ప్రపంచంలో పసుపు అత్యధికంగా పండించేది మన దేశమే. 2025 జనవరిలో ప్రారంభమైన జాతీయ పసుపు బోర్డుకు నిజామాబాదే కేంద్రం. మామూలు పసుపు పొడి వాడకం మీది పేటెంటు వల్ల మన ఎగుమతులు కుప్పకూలేవని నేను అనుకోను. అంత చిన్నదాని కోసం ఇంత శ్రమ ఎందుకని ఆనాడు అడిగినవారూ ఉన్నారు. కానీ వేప మీద ఐరోపాలో, బాస్మతి బియ్యం మీద అమెరికాలో ఇదే తరహా పేచీలు నడిచాయి. ప్రతిసారీ విదేశీ కార్యాలయానికి పరుగెత్తి వాదించడం కన్నా, దరఖాస్తు పరీక్షించే నాడే ఆధారం అధికారి కళ్ల ముందు ఉంచడం మేలన్న ఆలోచన అలా బలపడింది. 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయానికి పని మొదలైంది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ వైద్య గ్రంథాలలోని యోగాలను, అంటే మందుల తయారీ విధానాలను, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషలలోకి తెచ్చి, 2009లో ఐరోపా పేటెంటు కార్యాలయంతో మొదలుపెట్టి పలు దేశాల పరీక్షాధికారులకు అందుబాటులో ఉంచారు. మన పేటెంటు చట్టంలో కూడా 2002 సవరణతో, సంప్రదాయ విజ్ఞానానికి పేటెంటు ఇవ్వరాదని రాశారు. స్థానిక సమాజాలలో నోటి మాటగా ఉన్న విజ్ఞానాన్ని చూపించి సైతం పేటెంటును వ్యతిరేకించవచ్చని చేర్చారు. అమెరికా తన చట్టంలోని ఆ దేశం, ఈ దేశం అన్న తేడాను 2011లో సవరించింది. అది 2013 మార్చి నుంచి అమలులోకి వచ్చింది.

ఇక మిగిలిన సమయంలో, వింటున్న విద్యార్థులకూ అధ్యాపకులకూ ఉపయోగపడే ఒకే ఒక్క సంగతి చెబుతాను. కొత్తదా, కాదా అన్న ఆ ప్రశ్న మిమ్మల్ని కూడా అడుగుతారు. అచ్చయిన కాగితం పరాయివాడి పేటెంటును ఆపినట్టే, మీ సొంత కాగితం మీ సొంత పేటెంటును ఆపుతుంది. కొత్త పరికరం ఒకటి తయారుచేసి, ఉత్సాహం కొద్దీ ముందు పత్రికలో వ్యాసం ప్రకటించి, వీడియో తీసి అందరికీ పంపి, ఆరు నెలల తరువాత పేటెంటు కోసం వెళితే, మీ వ్యాసాన్నే మీకు ఎదురు సాక్ష్యంగా చూపిస్తారు. చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ అవి చాలా పరిమితమైనవి, వాటిని నమ్ముకోవద్దు. ముందు తాత్కాలిక వివరణతో దరఖాస్తు వేసుకోండి. పూర్తి వివరణ ఇవ్వడానికి అక్కడి నుంచి 12 నెలల గడువు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకు చెన్నైలోని పేటెంటు కార్యాలయం వర్తిస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పంపవచ్చు. రశీదు మీద తేదీ, సంఖ్య పడిన తరువాత వ్యాసం పత్రికకు పంపండి, పరికరాన్ని ప్రదర్శనలో పెట్టండి. ఇక మీరు కనిపెట్టినది మీకు వద్దు, అందరికీ ఉచితంగా ఉండాలనుకుంటే దరఖాస్తు అవసరం లేదు. తేదీతో సహా, ఎవరైనా చూడగలిగే చోట, తయారుచేసే విధానమంతా స్పష్టంగా అచ్చు వేయించండి. నమస్కారం.