పట్టుకుంటే చాలదు, నిలబడాలి

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. సైన్స్ దినోత్సవం కాబట్టి రామన్ గారి గురించి చెప్పమన్నారు. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు బాగా చెప్పారు. నేను నేరుగా నా గోడు చెప్పుకుంటాను: పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే గుళికలు, వాటి బలం.

బొగ్గు విద్యుత్ కేంద్రం చిమ్నీ పొగలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 12 నుంచి 15 శాతం, మిగతాది చాలావరకు నైట్రోజన్. జియోలైట్ అంటే సన్నటి రంధ్రాలున్న సిలికా, అల్యూమినా పదార్థం. అందులో 13ఎక్స్ అనే రకం రంధ్రాల్లోని సోడియం అయాన్లు నైట్రోజన్ కంటే కార్బన్ డయాక్సైడ్‌నే గట్టిగా పట్టుకుంటాయి. తేమ లేకుండా, 25 డిగ్రీల దగ్గర, ఒక బార్ పీడనంలో, అంటే దాదాపు మామూలు గాలి పీడనంలో, కిలో పౌడరు 200 గ్రాములకు పైనే ఆ వాయువును పట్టుకుంటుంది. పరిశోధన పత్రాలన్నీ ఘనంగా వేసేది ఈ అంకెనే! చిమ్నీలో ఆ వాయువు పీడనం అందులో ఏడో వంతు. పైగా పొగలో తేమ ఉంటే జియోలైట్ ముందు నీళ్లనే పట్టుకుంటుంది.

సరే, అసలు సంగతి. పొగ పంపే నిలువు గొట్టాన్ని కాలమ్ అంటాం. పౌడరు నేరుగా పోస్తే అందులో గాలి ఆడదు. బంకమట్టి కలిపి గుళికలు చేసి కాల్చాలి. మట్టి బలాన్నిస్తుంది కానీ వాయువును దాదాపు పట్టదు. మట్టి తగ్గిస్తే అధిశోషణం, అంటే వాయువును పట్టుకోవడం, పెరుగుతుంది, గుళిక బలహీనపడుతుంది. సిరామిక్‌లో రంధ్రాలు పెరిగేకొద్దీ బలం ఎంత వేగంగా పడిపోతుందో 1953లోనే రిష్కెవిచ్ అనే పరిశోధకుడు అల్యూమినా, జిర్కోనియా అనే సిరామిక్‌ల మీద చూపించాడు. రంధ్రాలు పదిశాతానికి చేరేసరికే బలం సుమారు సగానికి వస్తుంది.

నేను పనిచేసిన ఒకచోట పైలట్ కాలమ్, అంటే ప్రయోగానికి పెట్టిన చిన్న కాలమ్, నడిచేది. పీడనం ఎక్కించడం, దించడం, మళ్లీ ఎక్కించడం. కొన్నాళ్లకు గాలి పోవడం తగ్గింది. అడుగు ఫ్లాంజ్ విప్పితే జాలీ నిండా తెల్లటి పొడి. వాల్వు సీటు మీద ఆ పొడి గీతలు పెట్టింది. కింది వరస గుళికలు వేళ్ల మధ్య బొరుగుల్లా నలిగాయి. అధిశోషణం టెస్టులో మాత్రం అదే బ్యాచ్‌కు మొదటి స్థానం! గుళికల బలం పట్టికను పరిశోధన పత్రంలో పెడితే, అనవసరం, తీసేయమన్నారు. ఇప్పటికీ నా కడుపు మండుతుంది. అనవసరమా, చెప్పండి?

మీరంతా చిన్నవాళ్లు, మీ చేతుల్లో పని ఉంది. రామగుండం, సింహాద్రి విద్యుత్ కేంద్రాల బూడిదలో సిలికా, అల్యూమినా ఉన్నాయి. కాస్టిక్ సోడాతో వేడిచేసి దాన్నుంచి జియోలైట్ చేయొచ్చు. చేయండి. చేశాక పౌడరు దగ్గరే ఆగిపోకండి. గుళిక చేసి, తడి గాలి పంపి, వేడీ చల్లదనం మార్చి మార్చి తిప్పి, ఆ తర్వాత నలపండి. అధిశోషణం, బలం, రెండు అంకెలూ ఒకే పట్టికలో, పక్కపక్కనే వేయండి. తీసేయమంటే ఒప్పుకోకండి.

కొన్ని గుళికలు తెచ్చాను. మధ్యాహ్నం ల్యాబులో నలిపి చూద్దాం. సగటుతో సరిపెట్టకుండా అన్నిటికంటే ముందు పగిలినది ఎంత లోడుకు (బరువుకు) పగిలిందో కూడా రాసుకోండి. కాలమ్‌లో పొడి మొదలయ్యేది అలాంటి బలహీనమైన గుళికతోనే.