ఈ ముళ్లచెట్టులో ఎవరెవరు కాపురం ఉంటున్నారో చూడండి

నమస్తే అండీ! మే నెల వచ్చిందంటే అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని మా టూసాన్‌లో సగువారోలనే పెద్ద ముళ్లచెట్లు పూస్తాయి. పోయిన వారమే అమ్మ అనంతపురం నుంచి వచ్చింది. అందుకే ఎండ ముదరకముందే సగువారో నేషనల్ పార్కుకు వచ్చేశాం.

బయల్దేరే ముందు బూట్లు దులిపి వేసుకున్నాం. ఇక్కడ అది అలవాటైపోవాలి. బార్క్ స్కార్పియన్ అని లేత గోధుమరంగు తేలు, గోడలు కూడా ఎక్కుతుంది. నిన్న రాత్రి పెరట్లో యూవీ టార్చి వేస్తే ఆకుపచ్చగా మెరిసింది. "మన మండ్రగబ్బలో సగం కూడా లేదే!" అంది అమ్మ. కానీ అమెరికా తేళ్లలో దీని విషమే ఎక్కువ.

ఇదిగో, ఈ చెట్టు దగ్గర కాసేపు ఆగుదాం. నాకు సగువారో అంటే ప్రాణం. మన నాగజెముడుకు చుట్టమే. మొదటి ఎనిమిదేళ్లలో అంగుళం, అంగుళన్నర పెరుగుతుందంతే. మొదటి కొమ్మ వేయడానికి 50 నుంచి 70 ఏళ్లు పడుతుంది. దీనికి నాలుగు కొమ్మలున్నాయి, అంటే మా అమ్మకన్నా పెద్దదేనేమో!

కాండం మీద గుండ్రటి కన్నం కనిపిస్తోందా? గీలా వడ్రంగిపిట్ట తొలిచింది. తొలిచిన వెంటనే అందులో చేరదు. లోపలి పచ్చి ఆరేదాకా నెలల తరబడి ఆగుతుంది. నీరు పోకుండా చెట్టు ఆ గాయం చుట్టూ చెక్కలాంటి పొర కట్టుకుంటుంది. పిట్ట వదిలేశాక గుప్పిట్లో పట్టేంత ఎల్ఫ్ గుడ్లగూబ వచ్చి చేరుతుంది. చెట్టు చచ్చిపోయినా ఆ పొర బూటు ఆకారంలో మిగిలిపోతుంది.

పైన తెల్లపూలు చూడండి. రాత్రి విచ్చుకుని, మర్నాడు మధ్యాహ్నానికే ముడుచుకుపోతాయి. ఆలోపే గబ్బిలాలు, తేనెటీగలు, పావురాలు వచ్చిపోవాలి. ఆ పావురం మూతికి పుప్పొడి ఎలా అంటిందో!

2023లో మా రాష్ట్ర రాజధాని ఫీనిక్స్‌లో జూన్ 30 నుంచి వరసగా 31 రోజులు ఎండ 110 ఫారన్‌హీట్ (దాదాపు 43 సెల్సియస్), ఆపైనే ఉంది. సగువారో గాలి పీల్చేది రాత్రిపూటే. ఆ రాత్రులు కూడా చల్లబడక ఎన్నో చెట్లు కొమ్మలు విరిగి, కూలిపోయాయి. వందేళ్ల చెట్టు అలా నేలమీద పడి ఉంటే చూడలేకపోయాను.

ఒక్క నిమిషం అండీ, అమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది. "మాట్లాడకు, కౌజులు!" తలమీద నల్లకుచ్చుతో తల్లి, వెనకాల నిమ్మకాయలంత పిల్లలు, దారి దాటుతున్నాయి. తొమ్మిది... పది... ఆగండి, ఇంకొకటి వెనకబడింది.