‘చాదస్తం’ అనే ముందు: డిమెన్షియా ఎవరికి వస్తుంది?

[దృశ్యం: విశాఖపట్నం, ఆర్కే బీచ్. తెల్లవారుతోంది. నడకకు వచ్చిన పెద్దలు, గట్టు మీద కూర్చుని కబుర్లు.]

నమస్కారం. బీచ్ రోడ్డులో పొద్దున్నే ఇలా చకచకా నడిచే పెద్దవాళ్లను చూస్తూ, అరవై దాటిన ప్రతి 14 మందిలో దాదాపు ఒకరికి డిమెన్షియా అనే మెదడు జబ్బు ఉందంటే నమ్మబుద్ధి కాదు. ఆ ఒక్కరు మనకు ఇక్కడ సాధారణంగా కనిపించరు. ఇంట్లో ఉంటారు. నాకు వంటింట్లో కనిపించారు.

[దృశ్యం: తెరిచిన పోపుల పెట్టె. పొయ్యి మీద మూకుడు.]

కంచరపాలెంలో మా పెద్దమ్మ ఇల్లు. ఆ రోజు పప్పుకు పోపు పెడుతోంది. నూనె కాగి పొగ వస్తోంది. ఆవాల గిన్నె మీద చెయ్యి పెట్టి తీసేసింది. జీలకర్ర మీద పెట్టి తీసేసింది. నా వైపు తిరిగి, “ముందు ఏది వెయ్యాలమ్మా?” అని అడిగింది. నాకు పోపు పెట్టడం నేర్పింది ఆవిడే.

అంతకు ముందు రెండేళ్లుగా మేమంతా ఒకే మాట అంటూ వచ్చాం: చాదస్తం. చెప్పిందే చెబుతోంది, చాదస్తం. పాలవాడికి రెండుసార్లు డబ్బులిచ్చింది, చాదస్తం. ఆ మాటతో రెండేళ్లు పోగొట్టుకున్నాం. ఈ వీడియో అందుకే.

కళ్లజోడు ఎక్కడ పెట్టానో గుర్తు రాకపోవడం, పేరు నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోవడం వయసుతో వచ్చేవే. ఎన్నో ఏళ్లు చేసిన పని వరస తప్పడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, డబ్బు లెక్క తేల్చుకోలేకపోవడం వేరు. డిమెన్షియా అంటే మెదడు జబ్బుపడి, రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేని స్థితికి రావడం. అందులో 60 నుంచి 70 శాతం అల్జీమర్స్ అనే మెదడు జబ్బు వల్ల వస్తుంది. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చే రకమూ ఉంది.

[తెరపై: భారతదేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం. సుమారు 88 లక్షల మంది.]

దేశవ్యాప్త సర్వే ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ఇది. ప్రపంచమంతా చూస్తే 2021లో 5 కోట్ల 70 లక్షల మంది. అరవై అయిదు దాటాక ఇంచుమించు ప్రతి అయిదేళ్లకూ ఈ ముప్పు రెట్టింపవుతూ పోతుంది. అన్నిటికంటే పెద్ద కారణం వయసే. అయినా తొంభై ఏళ్లకూ చక్కగా లెక్కలు చూసుకునేవారు ఉన్నారు కదా. కాబట్టి “వయసైపోయింది, మామూలే” అని వదిలేయకూడదు.

అదే సర్వేలో నన్ను ఎక్కువగా కదిలించిన విషయం, ఆడవాళ్లలో ఇది ఎక్కువని. వారిలో 9 శాతం, మగవాళ్లలో 6 శాతం లోపు. పట్టణాల్లో కంటే పల్లెల్లో ఎక్కువ. బడికి వెళ్లనివారిలో ఎక్కువ. ఈ మూడూ ఒకే మనిషిలో కలిసిన ముసలమ్మలు మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఎంతమందో ఆలోచించండి. చదువుకూ దీనికీ సంబంధం ఏమిటి? మద్దిలపాలెం కూడలిలో వాహనాలు నిలిచిపోతే సందులన్నీ తెలిసిన ఆటో డ్రైవరు వేరే దారిలో చేరుస్తాడు. చిన్నప్పుడు చదువు, ఆ తర్వాత బుర్రకు పని మెదడులో అలాంటి దారులు వేస్తాయి. ఒకటి మూసుకుపోయినా ఇంకొకటి ఉంటుంది. మా పెద్దమ్మను మూడో తరగతిలో మాన్పించేశారు.

“మా అమ్మకు వచ్చింది, నాకూ వస్తుందా?” అని చాలామంది భయపడతారు. కొన్ని జన్యువులు ముప్పును పెంచుతాయి, నిజమే. అయితే తప్పకుండా వచ్చి తీరే వంశపారంపర్య రకం చాలా అరుదు.

[దృశ్యం: పెళ్లి భోజనాల దగ్గర, చుట్టూ మాటల సందడి. మధ్యలో నవ్వు ముఖంతో మౌనంగా కూర్చున్న పెద్దాయన.]

ఈయన్ని చూడండి. ముప్పై ఏళ్లు యంత్రాల హోరులో పనిచేసి రిటైరైనవారు మన గాజువాక వైపు ఇంటింటా ఉంటారు. మొదట “ఏమన్నావు?” అని మూడుసార్లు అడుగుతారు. ఎదుటివాళ్లు విసుక్కుంటారు. తర్వాత అడగడం మానేస్తారు. ఆ పైన పదిమందిలోకి రావడమే మానేస్తారు. మెదడుకు అందే మాటలు తగ్గిపోతాయి, తోడు తగ్గిపోతుంది. లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల బృందం 2024లో మార్చుకోగలిగిన 14 కారణాలను చెప్పింది. వాటన్నిటినీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపడమో వెనక్కి నెట్టడమో సాధ్యమని లెక్కగట్టింది. అందులో అన్నిటికంటే పెద్ద వాటా ఉన్న రెండింటిలో వినికిడి లోపం ఒకటి. రెండోది మధ్యవయసులో చెడు కొలెస్ట్రాల్. నలభై ఏళ్లకే కళ్లజోడు పెట్టుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. చెవి మిషను అనేసరికి మాత్రం ఇంటిల్లిపాదీ దాచిపెడతారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

మిగతావి మీకు తెలిసినవే: బీపీ, షుగరు, ఊబకాయం, పొగ తాగడం, మద్యం, కదలకుండా కూర్చోవడం, ఒంటరితనం, దిగులు, తలకు దెబ్బలు. చూపు మందగించినా, గాలి కలుషితమైనా ముప్పే. బీపీని నలభైలలోనే అదుపులో పెట్టుకోవాలి. “నాకేమీ తెలియడం లేదు కదా” అని మాత్రలు మానేసేవారు దయచేసి ఈ మాట వినండి.

ఇంకొకటి. మతిమరుపు అంతా డిమెన్షియా కాదు. థైరాయిడ్ తేడా, బి12 లోపం, దిగులు, కొన్ని మందులు కూడా అలాగే కనిపిస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. మామూలు రక్తపరీక్షలతో కొన్ని బయటపడతాయి. అందుకే ముందు డాక్టరుకు చూపించాలి. విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో నరాల విభాగం ఉంటుంది.

[దృశ్యం: నోటు పుస్తకం, మందుల సంచి.]

వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకోండి. ఏ మార్పు ఎప్పుడు మొదలైందో తేదీలతో రాసుకోండి. “మరిచిపోతోందండీ” అంటే డాక్టరుకు తెలిసేది తక్కువ. “ఉగాది పండుగనాడు పులిహోరలో ఉప్పు రెండుసార్లు వేసింది, శ్రావణంలో బస్సు దిగి ఇంటికి దారి అడిగింది” అంటే చాలా తెలుస్తుంది. పెద్దవాళ్ల కోసం 14567 నంబరు ఉంది. ఉచితంగా ఫోను చేసి సలహా అడగవచ్చు.

పెద్దమ్మ ఇప్పటికీ పోపు పెడుతుంది. నేను పక్కన నిలబడి ఒక్కొక్క గిన్నే చేతికి అందిస్తాను. మూకుడులో ఆవాలు చిటపటమనగానే, “ఇక జీలకర్ర ఇవ్వు” అని తనే అడిగే రోజులున్నాయి.