గేటు మీద బ్యాంకు నోటీసు: ఓనరు అప్పు, కిరాయిదారు తిప్పలు

హోస్ట్: నమస్తే అండీ. ఇవాళ్టి ఎపిసోడ్ అద్దె ఇళ్లలో ఉండేవాళ్ల కోసం. ఓనరు లోను కట్టకపోతే బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకుంటుందని అందరికీ తెలుసు. మరి ఆ ఇంట్లో ఠంచనుగా కిరాయి కడుతున్నవాళ్ల గతేంటి? హైదరాబాద్‌లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్లో, అంటే డీఆర్‌టీలో, కేసులు వాదించే అడ్వకేట్ ఒకరు మనతో ఉన్నారు. మేడమ్, అసలు కిరాయిదారుకి ఈ సంగతి ఎప్పుడు తెలుస్తుంది?

అడ్వకేట్: అందరికంటే చివర్న తెలుస్తుందండీ. అప్పు మొండి బకాయి అయ్యాక 2002 నాటి సర్ఫేసీ చట్టం, అంటే కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తి నుంచి అప్పు రాబట్టుకునే చట్టం, కింద బ్యాంకు 60 రోజుల డిమాండ్ నోటీసు ఇస్తుంది. అది అప్పు తీసుకున్నవాళ్లకి, హామీ ఉన్నవాళ్లకి వెళ్తుంది. పై పోర్షన్‌లో ఉన్న మీకు రాదు. ఓనరు తనంతట తాను చెప్పడు. ఆ గడువు దాటాక ఓ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మెయిన్ డోర్‌కి కాగితం అంటించి ఉంటుంది. దాన్నే రెండు పేపర్లలో కూడా వేస్తారు, అందులో ఒకటి స్థానిక భాషది.

హోస్ట్: చూడగానే గుండె జారిపోతుంది. సామాన్లు సర్దుకోవాల్సిందేనా?

అడ్వకేట్: ఆ రోజే కాదు. ముందు కాగితం మొత్తం చదవండి. అందులో అప్పు తీసుకున్నవాళ్ల పేరు, బాకీ ఎంత, డిమాండ్ నోటీసు ఏ తేదీన ఇచ్చారు, ఇంటి హద్దులు, కింద బ్యాంకు అధీకృత అధికారి సంతకం ఉంటాయి. 'ఈ ఆస్తితో ఎవరూ లావాదేవీలు జరపకూడదు' అని ప్రజలకు హెచ్చరిక కూడా ఉంటుంది. చాలాసార్లు అది సింబాలిక్ పొసెషనే, అంటే కాగితం మీద స్వాధీనం. మిమ్మల్ని బయటికి పంపి తాళం వేయడం వేరే మెట్టు. లోపల మనుషులుంటే బ్యాంకు మామూలుగా సెక్షన్ 14 కింద మేజిస్ట్రేటు దగ్గరకో, కలెక్టరు దగ్గరకో వెళ్లి ఆర్డరు తెచ్చుకుంటుంది. ఆ తర్వాత అడ్వకేట్ కమిషనరు, అంటే ఆ ఆర్డరు అమలుకు నియమించిన లాయరు, పోలీసులు వస్తారు. ఈ రెంటికీ మధ్య దొరికే సమయాన్ని జనం టెన్షన్‌తోనే వృథా చేసుకుంటారు. ఫొటో తీసుకోండి, తేదీ రాసిపెట్టుకోండి. ఎందుకంటే డీఆర్‌టీకి వెళ్లాలంటే 45 రోజులే గడువు.

హోస్ట్: కిరాయిదారు కూడా డీఆర్‌టీకి వెళ్లొచ్చా? అది బ్యాంకులకీ, అప్పులోళ్లకీ అనుకున్నాను.

అడ్వకేట్: 2016కి ముందు అదే చిక్కుండేది. కిరాయిదారు గోడు ఎక్కడ చెప్పుకోవాలో చట్టంలో సరిగ్గా లేదు. 2014లో హర్షద్ గోవర్ధన్ సొండాగర్ కేసులో సుప్రీంకోర్టు ఆ లోటు ఎత్తిచూపింది. తాకట్టుకు ముందే చట్టబద్ధంగా కిరాయికి దిగినవాణ్ని సర్ఫేసీ పేరు చెప్పి నేరుగా వెళ్లగొట్టడం కుదరదని కూడా చెప్పింది. రెండేళ్లకు చట్టాన్ని సవరించి సెక్షన్ 17లో 4ఏ అని చేర్చారు. ఇప్పుడు ట్రిబ్యునల్ మీ కిరాయి హక్కును పరిశీలించాల్సిందే. అక్కడ ప్రాణమంతా తేదీల్లోనే ఉంటుంది. మీరు దిగింది తాకట్టుకు ముందా, తర్వాతా? అగ్రిమెంటు గడువు ఇంకా ఉందా? డిమాండ్ నోటీసు వచ్చాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఓనరు ఇల్లు అద్దెకిస్తే మాత్రం నిలవదు.

హోస్ట్: మనవన్నీ 11 నెలల అగ్రిమెంట్లే కదా మేడమ్.

అడ్వకేట్: అక్కడే దెబ్బ తింటాం. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి, ఆ ఖర్చు ఎందుకని 11 నెలలకు రాసుకుంటాం. తర్వాత దాన్ని రెన్యువల్ కూడా చేయించం, అలా ఐదేళ్లు గడిచిపోతాయి. 2019లో బజరంగ్ శ్యాంసుందర్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: రిజిస్టర్ కాని కాగితం మీద, నోటిమాట మీద ఏడాదికి మించి రక్షణ అడగలేరు. కోర్టుల అనుమానానికీ కారణం ఉంది. కొందరు ఓనర్లు వేలం ఆపడానికి బావమరిదిని కిరాయిదారుగా చూపించి పాత స్టాంపు పేపరు సృష్టిస్తారు. వాళ్ల పాపం నిజంగా అద్దె కట్టేవాళ్ల మెడకు చుట్టుకుంటోంది.

హోస్ట్: మరి నిజంగా ఉంటున్నవాళ్లు ఎలా నిరూపించుకోవాలి?

అడ్వకేట్: అగ్రిమెంటు ఒక్కటే కాకుండా మీరూ ఓనరూ ఇప్పుడు కూర్చుని తయారు చేయలేని రుజువులు కావాలి. నెలనెలా ఖాతా నుంచి వెళ్లిన కిరాయి, గ్యాస్ కనెక్షను అడ్రసు, పిల్లల స్కూలు రికార్డు. ఇంకోటి చెప్తాను, ఎవరికీ తట్టదు. ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటి అద్దె అలవెన్సు, కోసం ఓనరు పాన్ నంబరుతో పాత సంవత్సరాల్లో ఇచ్చిన డిక్లరేషను. ఓనరు అడిగాడని కిరాయి క్యాష్‌గా ఇచ్చేవాళ్లకు ఇవేవీ ఉండవు.

హోస్ట్: బెంగళూరులో ఉంటున్న మనవాళ్లు చాలామంది 'లీజు' అంటుంటారు. ఒకేసారి పదిహేను లక్షలో ఇరవై లక్షలో ఇచ్చేసి, కిరాయి లేకుండా రెండు మూడేళ్లు ఉండటం.

అడ్వకేట్: మన ఊళ్లలో భోగ్యం అనేవాళ్లు, అదే. నాకు భయం వేసేది దాని గురించే. మామూలు కిరాయిలో పోతే రెండు నెలల అడ్వాన్సు పోతుంది. ఇందులో కుటుంబం దాచుకున్నదంతా ఓనరు చేతిలో ఉంటుంది. అతనికి ఈఎంఐలు కట్టే స్తోమతు లేకే ఈ డబ్బు తీసుకుని ఉండొచ్చు! నోటరీ చేయించిన కాగితం చూపించి 'నా డబ్బిచ్చేదాకా ఇల్లు వదలను' అంటే బ్యాంకు ముందు నిలవదు. మన చట్టంలో 100 రూపాయలు, ఆపైన తాకట్టు పత్రం రిజిస్టర్ కావాలి. వేలంలో కొన్నవాడు మీ డబ్బుకి బాధ్యుడు కాడు. ఓనరు మీద దావా వేసుకోవాలి, అప్పటికే అతను అప్పుల్లో మునిగి ఉంటాడు. లోను ఉన్న ఇంటికి లీజు తప్పదనుకుంటే ఆ సొమ్ము నేరుగా లోను ఖాతాలోకి కట్టి, అప్పు తీరిపోయినట్టు బ్యాంకు లెటర్ తీసుకోండి. ఓనరు ఒప్పుకోకపోతే ఆ ఇల్లు వదిలేయండి.

హోస్ట్: దిగే ముందే లోను ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

అడ్వకేట్: ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయండి. కానీ ఈసీ శుభ్రంగా ఉందని నిశ్చింతగా ఉండొద్దు. దస్తావేజులు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు రిజిస్టర్ చేయకపోతే ఈసీలో కనిపించదు. సెర్సాయ్ అని తాకట్టులు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ ఉంది, చిన్న ఫీజు కట్టి ఎవరైనా వెతకొచ్చు. అయితే లోను ఉన్న ఇల్లు దొరికితే పారిపోవాలని కాదు. హైదరాబాద్‌లో లోను లేని ఫ్లాటు కావాలంటే ఇక అద్దెకు దొరకదు. బ్యాంకు అనుమతి ఉందా అని అడగండి, అడ్వాన్సు తక్కువ ఇవ్వండి.

హోస్ట్: అమెరికాలో ఉన్న మనవాళ్లకి వేరే రూలు ఉందంటారు?

అడ్వకేట్: ఉంది. అక్కడ ఇళ్ల సంక్షోభం వచ్చినప్పుడు 2009లో కేంద్ర చట్టం తెచ్చారు. ఇల్లు జప్తయినా నిజమైన కిరాయిదారుకి కనీసం 90 రోజుల నోటీసు ఇవ్వాలి. లీజు ఉంటే, కొన్నవాడు తానే అక్కడ కాపురం ఉండాలనుకుంటే తప్ప, గడువు పూర్తయ్యేదాకా ఉండొచ్చు. ఓనరు కొడుకో, భార్యో, తల్లిదండ్రులో కిరాయిదారుగా వస్తే ఆ రక్షణ లేదు. బావమరిది కేసులు అక్కడా ఉంటాయన్నమాట. మధ్యలో 2014 చివర్లో ఆ చట్టం గడువు ముగిసింది, 2018లో శాశ్వతం చేశారు. మనకి అలాంటి కనీస గడువేదీ సర్ఫేసీలో రాసిలేదు. పిల్లల పరీక్షలున్నాయా, ఇంట్లో ముసలివాళ్లున్నారా అన్నది అధికారి దయమీదే ఉంది. ఒక్క సెక్షన్ చేరిస్తే పోయేదానికి అందరూ ట్రిబ్యునల్ మెట్లెక్కాలా అని నా బాధ.

హోస్ట్: చివరగా, నోటీసు చూశాక కిరాయి కట్టడం ఆపేయొచ్చా?

అడ్వకేట్: మీ అంతట మీరు ఆపొద్దు, బాకీదారు అయిపోతారు. ఖాతా ద్వారానే కట్టండి. బ్యాంకు 'ఇకపై మాకు కట్టండి' అని రాతపూర్వకంగా ఇస్తే ఆ కాపీ జతచేసి ఓనరుకి తెలియజేసి, లాయరుకి చూపించి కట్టండి. అడ్వాన్సు కిరాయిలో సర్దుకుంటానంటే ఓనరు ఒప్పుకున్నట్టు వాట్సాప్ మెసేజ్ అయినా ఉండాలి. ఈలోపు నోటీసు మీద ఉన్న అధికారికి లెటర్ రాయండి: ఎప్పటినుంచి ఉంటున్నారు, ఎంత కడుతున్నారు, ఖాళీ చేయడానికి ఏ తేదీ దాకా సమయం కావాలి. ఖాళీ ఫ్లాటుకి వేలంలో మంచి ధర వస్తుంది కాబట్టి గొడవ లేకుండా వెళ్తామంటే వాళ్లూ వినే అవకాశం ఉంది. బ్రాంచికి వెళ్లి ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. నోటిమాటగా 'చూద్దాంలెండి' అంటే అక్కణ్నుంచి కదలొద్దు.