శివారులో అద్దె ఇల్లు: ఖర్చులన్నీ పోగా చేతికి మిగిలేదెంత?

[తెర: తాళం వేసిన ఇల్లు. గేటుకు టూలెట్ బోర్డు. మూలన తేదీలు ఒక్కొక్కటిగా మారుతుంటాయి.]

ఈ ఇంట్లో మొన్నటిదాకా ఉన్నవాళ్ళు నెలకు 6 కట్టేవారు. 6 అంటే వేలా, లక్షలా అని అడక్కండి. మీ దగ్గర ఎన్ని సున్నాలు పెట్టాలో అన్ని పెట్టుకోండి, లెక్క మారదు. అదే అద్దెకు వస్తామని మరుసటి వారమే ఒక కుటుంబం అడిగింది. ఓనరుకేమో 5 శాతం పెంచి 6.30 తీసుకోవాలని ఉంది. కుదరదన్నాడు. ఇల్లు నెల రోజులు ఖాళీగా ఉండి, చివరికి 6.30కే పోయింది.

గెలిచాడా? ఖాళీగా ఉన్న నెలలో 6 పోయింది. ఇకమీదట నెలకు 0.30 ఎక్కువొస్తుంది. పోయిన 6 పూడాలంటే 20 నెలలు పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఏడాదికే ఖాళీ చేశారా, నష్టమే. ఆ మధ్యలో మళ్ళీ సున్నం, శుభ్రం చేయించడం, బ్రోకర్ కమిషన్ ఎలాగూ ఉంటాయి.

అద్దె కోసం ఇల్లు కొనేటప్పుడు జరిగే పొరపాట్లలో చాలావరకు ఇలాంటివే. పెద్ద మోసాలేమీ కావు, చిన్న లెక్క ఎవరూ వెయ్యకపోవడం అంతే. ఈ వీడియోలో ఆ లెక్క పూర్తిగా వేద్దాం.

[తెర: నల్లబోర్డు. పైన "ధర 1000" అని రాస్తారు.]

శివారులో ఒక ఇల్లు. అడుగుతున్న ధర 1000, నెల అద్దె 6. బ్యాంకు 750 అప్పిస్తానంది, 7 శాతం వడ్డీ, 25 ఏళ్ళు. ఈఎంఐ 5.30 పడుతుంది. ఇల్లు చూపించే మనిషి చెప్పే మాట మీకు తెలిసిందే: "అద్దె 6 వస్తుంది, ఈఎంఐ 5.30 పోతుంది, ఇంకా 0.70 మిగులుతుంది. ఇల్లు దాని అప్పు అదే తీర్చుకుంటుంది."

ఇప్పుడు బోర్డు మీద అసలు లెక్క రాద్దాం. మొదట ధర. రిజిస్ట్రేషన్, కమిషన్, లాయరు ఫీజు, అద్దెకిచ్చే ముందు చేయించే రిపేర్లు, అన్నీ కలిపి 8 శాతం వేశాం. మీ చోట ఇది ఎక్కువ కావచ్చు, తక్కువ కావచ్చు. కాబట్టి ఈ ఇల్లు మీకు పడేది 1000కి కాదు, 1080కి.

ఏడాది అద్దె 72. సగటున ఏడాదికి ఒక నెల ఖాళీ అనుకుంటే చేతికొచ్చేది 66. అందులోంచి ఇంటిపన్ను 8, ఇన్సూరెన్సు 3, చిన్నాచితకా రిపేర్లు 10, అద్దె వసూలు చేసి ఇల్లు చూసుకునే మనిషికి 8 శాతం చొప్పున 5. మిగిలింది 40. ఇల్లు మీరే చూసుకుంటే ఆ 5 మిగులుతుంది కదా అంటారా? మిగులుతుంది. రాత్రి పదకొండింటికి పైపు పగిలిందని ఫోనొస్తే ఎత్తేది కూడా మీరే. మీ టైముకు కూలి లేదనుకుంటే ఆ పద్దు కొట్టేయండి. మేమైతే కొట్టం.

రిపేర్లకు 10 ఎక్కడిదంటే, ఇంటి విలువలో ఏడాదికి 1 శాతం తీసి పెట్టుకోవాలన్నది చాలామంది వాడే కొండగుర్తు. దాన్ని గుడ్డిగా పట్టుకోకండి. పాడయ్యేది కట్టడం, స్థలం కాదు. ధరలో ముప్పాతిక స్థలానిదే అయిన చోట 1 శాతం ఎక్కువవుతుంది. స్థలం చవగ్గా దొరికే దూరపు శివారులో పాత ఇల్లు కొంటే అదే 1 శాతం ఏ మూలకూ సరిపోదు.

[తెర: ఇంటి పైకప్పు, నీళ్ళ హీటరు, ఏసీ. ఒక్కోదాని కింద రెండు అంకెలు.]

ఇంకో పద్దు ఉంది. ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. పెద్ద రిపేర్లు ఏటా రావు, వచ్చినప్పుడు మాత్రం ఏడాది అద్దెంతా మింగేస్తాయి. వాటికి ముందే తీసిపెట్టాలి. ఒక్కో వస్తువును మళ్ళీ చేయించడానికి అయ్యే ఖర్చును, దానికి ఇంకా మిగిలి ఉన్న ఆయుష్షుతో భాగించండి. మొత్తం ఆయుష్షుతో కాదు, మిగిలినదానితో. పైకప్పు పని 40, ఇంకో 10 ఏళ్ళు ఆగుతుంది: ఏడాదికి 4. నీళ్ళ హీటరు 4, ఇంకో 4 ఏళ్ళు: ఏడాదికి 1. ఏసీ 8, ఇంకో 8 ఏళ్ళు: ఇంకో 1. మొత్తం 6. బోర్డు మీద 40 కాస్తా 34 అయింది.

34ని 1080తో భాగిస్తే 3.1 శాతం. ఖర్చులేవీ చూడకుండా 72ని 1000తో భాగించి ఉంటే 7.2 శాతం అని మురిసిపోయేవాళ్ళం.

ఇక ఈఎంఐ. ఏడాదికి 63.6. ఈఎంఐ కట్టడానికి మీ దగ్గరున్నది 34. తక్కువ పడేది 29.6, అంటే నెల నెలా దాదాపు 2.5 మీ జేబులోంచి. 0.70 మిగులుతుందన్న ఇల్లే ఇది.

ఇందులో న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. ఈఎంఐ అంతా వడ్డీ కాదు. మొదటి ఏడాది 11.5 దాకా అసలుకు జమ అవుతుంది, అది మీ పొదుపే. అది తీసేసినా 18 నష్టం నిలబడే ఉంటుంది. పైగా 1080లో అప్పు 750 పోగా మీరు సొంతంగా పెట్టింది 330. ఆ డబ్బు ఇంకోచోట ఏ రిస్కూ లేకుండా 5 శాతం తెచ్చేదనుకుంటే 16.5. రెండూ కలిపితే 34.6. అంటే ఇంటి ధర ఏటా దాదాపు 3.5 శాతం పెరిగితేనే మీరు ఎక్కడున్నవాళ్ళు అక్కడుంటారు. అమ్మేటప్పుడు పోయే కమిషన్, పన్ను ఇందులో కలపలేదు. ధర పెరుగుతుందన్న నమ్మకంతో కొంటే కొనండి, తప్పు లేదు. కానీ అది అద్దె ఆదాయం కోసం కొన్నట్టు కాదు, ధర మీద పందెం వేసినట్టు. ఏ పని చేస్తున్నారో మీకు తెలిసుండాలి.

మరి ఎంత అప్పు తీసుకుంటే ఇల్లు నిజంగా తన కాళ్ళ మీద నిలబడుతుంది? అద్దె ఇళ్ళకు అప్పిచ్చేవాళ్ళు చూసే కొలత ఒకటుంది. ఖర్చులు పోగా మిగిలిన ఆదాయం, ఏడాది ఈఎంఐకి కనీసం 1.25 రెట్లు ఉండాలి. పెద్ద రిపేర్ల నిధి తియ్యకముందు మన ఆదాయం 40. దాన్ని 1.25తో భాగిస్తే 32. 7 శాతం, 25 ఏళ్ళ అప్పులో ప్రతి 100కి ఏడాదికి 8.48 కట్టాలి. అంటే 377 దాకా అప్పు పర్వాలేదు. మిగతా 703 మీరే తేవాలి. ఇక్కడికొచ్చేసరికి చాలామంది నోట్‌బుక్ మూసేస్తారు. మూసేసినా మంచిదే, ఇంకో ఇల్లు చూసుకోవచ్చు.

[తెర: శివారు రోడ్డు. ఒకవైపు ఇళ్ళు, ఇంకోవైపు హద్దురాళ్ళు పాతిన ఖాళీ నేల.]

ఇప్పుడు ఇల్లు ఉన్న చోటు గురించి. నగరం నడిబొడ్డున కొత్త ఇళ్ళు కట్టడానికి జాగా ఉండదు. శివారులో ఉంటుంది. అద్దెలు కాస్త పెరిగాయంటే పక్క నేలలో ఇంకో రెండొందల ఇళ్ళు లేస్తాయి. అందుకే ఇల్లు చూసే ముందు ఖాళీ నేల చూడండి. అక్కడ వేటికి అనుమతులిచ్చారో స్థానిక ప్లానింగ్ ఆఫీసులో అడిగితే తెలుస్తుంది. తాళాలు ఎప్పుడిస్తారో కూడా కనుక్కోండి. ఒక పెద్ద ప్రాజెక్టులో అందరికీ ఒకే నెలలో తాళాలిచ్చారంటే, అందులో అద్దెకివ్వడానికి కొన్నవాళ్ళంతా అదే నెలలో బోర్డులు పెడతారు. ఒకరిని చూసి ఒకరు తగ్గిస్తారు. మీ ఇల్లు సరిగ్గా అప్పుడే ఖాళీ అయితే చేసేదేమీ లేదు.

దూరాన్ని కిలోమీటర్లలో కొలవకండి. ఇటలీకి చెందిన పరిశోధకుడు చెజారే మార్కెట్టి 1994లో ఒక సంగతి రాశాడు: కాలం మారినా, వాహనాలు మారినా మనుషులు రోజూ ప్రయాణానికి పెట్టే సమయం సుమారు గంటే, పోనూ రానూ కలిపి. అందరికీ అది కుదరదనుకోండి, కానీ అద్దెకుండేవాళ్ళు ఆ గంటకు ఎంత దగ్గరగా ఉంటే అంత నిలుస్తారు. పనిరోజున పొద్దున్నే ఆ ఇంటి గుమ్మంలోంచి బయల్దేరి, వాళ్ళు పనిచేసే చోటి గుమ్మం దాకా మీరే వెళ్ళి చూడండి. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళొచ్చి ఇరవై నిమిషాలేనని నమ్మకండి. ఆ చోట్లన్నీ ఒకే కంపెనీవైతే అది ఇంకో ప్రమాదం. ఆ కంపెనీ మూతపడితే వీధి మొత్తం ఒకేసారి ఖాళీ అవుతుంది.

అద్దె ఎంతొస్తుందన్నది అమ్మేవాళ్ళను అడగొద్దు. అదే సైజు ఇళ్ళ ప్రకటనలు పది ఎంచుకుని నాలుగు వారాలు గమనించండి. మొదటి వారంలోనే మాయమైనవి అక్కడి అసలు అద్దెలు. మూడు వారాలు దాటినా కదలనివి ఓనర్ల కోరికలు.

[తెర: ఇంటి వెనక గోడ. కెమెరా నేల మట్టానికి దిగుతుంది.]

ఇంటి తనిఖీలో ముందు నీళ్ళ సంగతి తేల్చుకోవాలి. గోడ పక్కన నేల ఇంటి నుంచి బయటికి వాలుగా ఉండాలి: మొదటి 10 అడుగుల్లో కనీసం 6 అంగుళాలు. ఇంటివైపు వాలి ఉంటే వాన నీరంతా పునాది దగ్గరే చేరుతుంది. కుదిరితే వాన పడుతుండగానే వెళ్ళండి, అంతకన్నా మంచి ఇన్‌స్పెక్టర్ దొరకడు. లోపల ఒక గోడకు మాత్రమే, అదీ కింది రెండడుగులే కొత్త రంగు వేసి ఉంటే చేత్తో తాకి చూడండి. గోడ మీద అడ్డంగా సాగిన పగులు, లేదా మెట్లు మెట్లుగా పాకిన పగులు, దాని వెడల్పు 6 మిల్లీమీటర్లు దాటితే, స్ట్రక్చరల్ ఇంజనీరు చూసేదాకా ఒక్క సంతకం కూడా పెట్టకండి.

ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీళ్ళ మీటరు అంకె ఫోటో తీయండి. అరగంట తర్వాత మళ్ళీ చూడండి. అంకె కదిలిందంటే ఎక్కడో కారుతోంది. కరెంటు బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే షాక్ కొట్టే ప్రమాదముంటే కరెంటు ఆపేసే స్విచ్చి, ఉందా, దాని టెస్ట్ బటన్ నొక్కితే పడిపోతోందా? పడకపోతే అది ఉన్నా లేనట్టే. డ్రైనేజీ లైను ఇంకా రాని శివార్లలో సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. మామూలుగా 3 నుంచి 5 ఏళ్ళకోసారి తోడించాలి. చివరిసారి ఎప్పుడు తోడించారో రసీదు అడగండి. రసీదు లేదంటే తోడించలేదనే అనుకోండి.

కాగితాల్లో హక్కు పత్రాలు ఎలాగూ లాయరు చూస్తారు. ఆయన చూడకపోవచ్చనిపించేవి రెండు చెబుతాం. నివాసుల సంఘం నిబంధనల్లో అద్దెకివ్వడం మీద ఏమైనా ఆంక్షలున్నాయా? రెండోది ఇన్సూరెన్సు. ఓనరే ఉండే ఇంటికి తీసుకునే మామూలు పాలసీ, అద్దెకిచ్చాక నష్టం జరిగితే చెల్లకపోవచ్చు. చాలా పాలసీల్లో ఇల్లు వరసగా 30 రోజులో 60 రోజులో ఖాళీగా ఉంటే కొన్ని నష్టాలకు డబ్బివ్వమని కూడా రాసి ఉంటుంది. పైపు పగిలేది అలాంటప్పుడే, ఎందుకంటే చూసేవాళ్ళు ఉండరు.

[తెర: అగ్రిమెంటు కాగితం. "గడువు" అన్న మాట చుట్టూ గీత.]

అద్దెకొచ్చేవాళ్ళ ఆదాయంలో అద్దె మూడో వంతు దాటకుండా ఉంటే మీకూ వాళ్ళకూ నిశ్చింత. వాళ్ళ గురించి ఇప్పటి ఓనర్ని అడిగితే, వదిలించుకోవాలనుకునేవాడు కూడా బంగారం లాంటి మనుషులనే చెబుతాడు. అంతకుముందు ఓనర్ని అడగండి.

గడువు తప్పనిసరిగా 11 నెలలో 12 నెలలో ఉండాలనేం లేదు. మీ దగ్గర చట్టం ఒప్పుకుంటే దాన్ని జరపండి. పిల్లలున్న కుటుంబాలు బడి సెలవుల్లోనే ఇల్లు మారతాయి. గిరాకీ లేని నెలలో ఇల్లు ఇవ్వాల్సి వస్తే మొదటి అగ్రిమెంటు 9 నెలలకో 14 నెలలకో రాసి, అది సెలవుల్లో ముగిసేలా చూసుకోండి. ఈసారి ఖాళీ అయినప్పుడు గిరాకీ ఉంటుంది.

తాళాలిచ్చే రోజు ప్రతి గదినీ, తలుపుల వెనక కూడా, ఇద్దరూ ఉండగా వీడియో తీయండి. కరెంటు, నీళ్ళ మీటర్ల అంకెలు రాసి సంతకాలు పెట్టుకోండి. వాళ్ళు వెళ్ళేటప్పుడు అడ్వాన్సులోంచి ఎంత పట్టుకోవాలన్న దగ్గర గొడవ మొదలవుతుంది. వాడకం వల్ల వచ్చిన అరుగుదలకు డబ్బు పట్టుకోకూడదు, పాడు చేసినదానికే పట్టుకోవాలి. పాడు చేసినా పూర్తి ఖర్చు కాదు. గోడ రంగు 5 ఏళ్ళు ఉంటుందనుకుందాం. కొత్తగా రంగు వేయించిన ఇంట్లో వాళ్ళు 3 ఏళ్ళున్నారు, వెళ్తూ వెళ్తూ హాలు గోడ పాడు చేశారు. ఆ రంగుకు మిగిలిన ఆయుష్షు 2 ఏళ్ళే. కాబట్టి మళ్ళీ రంగు వేయించడానికి 5 అయితే, మీరు పట్టుకోవాల్సింది 2.

[తెర: గోడ మీద పాత మేకు రంధ్రాలు. ఒక చెయ్యి వాటిని పుట్టీతో పూడుస్తుంది. వాయిస్ లేదు.]