నాన్న అడగరు

మిలటరీ మాధవరం నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన పెద్దలకు, అక్కాచెల్లెళ్లకు నమస్కారం.

మా నాన్న ఆర్మీలో ఆర్టిలరీలో, అంటే ఫిరంగుల దళంలో పనిచేశారు. 1971 యుద్ధం చూసిన మనిషి. ఇప్పుడు ఎనభై దాటాయి. మొన్న వేసవిలో బాత్‌రూమ్‌లో జారిపడ్డారు. మాకెవరికీ చెప్పలేదు. మూడో రోజు బనియన్ మార్చుకుంటుంటే అమ్మ కంటపడింది, నడుము పక్కన అరచెయ్యంత మేర కమిలిపోయి ఉంది. ‘నొప్పి’ అనే మాట ఆయన నోట రాదు.

కానీ ఒకరికి చెప్పారు. ఒకే యూనిట్‌లో పనిచేసిన స్నేహితుడు రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తారు. ఇద్దరూ హిందీలోకి దిగిపోతారు. "పడ్డ సంగతి నాకు మర్నాడే చెప్పాడమ్మా" అన్నారాయన. ముందు మనసు చివుక్కుమంది. తర్వాత ఆ బాబాయి నంబరు ఇంట్లో అందరం ఫోన్లలో వేసుకున్నాం. మీ ఇంటి పెద్దాయనకు అలాంటి స్నేహితుడుంటే దయచేసి ఆయనతో మీరూ మాట్లాడుతూ ఉండండి.

పిలిస్తే పలకరని, మొండితనం పెరిగిందని నాన్నను ఏళ్లతరబడి విసుక్కున్నాం. ఫిరంగుల పక్కన గడిపిన చెవులని మాకు తట్టలేదు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కు తీసుకెళ్లాకే వినికిడి తగ్గిందని తెలిసింది. ఆ విసుగు తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

కాగితాల మాట ఒక్కటి. ఎనభై నిండితే మూల పెన్షన్ మీద 20 శాతం అదనం, 85కి 30, 90కి 40. పీపీఓలో, అంటే పెన్షన్ మంజూరు చేసిన పత్రంలో నాన్న పుట్టిన తేదీ, అమ్మ పేరు సరిగ్గా ఉన్నాయో లేదో ఇంటికెళ్లగానే చూడండి. తప్పుంటే ఆయన ఉండగానే దిద్దించండి. లేకపోతే ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆ వయసులో అమ్మ ఆఫీసుల చుట్టూ తిరగాలి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్‌కు వేలిముద్ర పడకపోతే టెన్షన్ వద్దు, ఫోన్‌లో ముఖం చూపించి ఇవ్వొచ్చు.

రాత్రిళ్లు లేచి ఆయన్ని పట్టుకునేది అమ్మే. ఆవిడ నడుమూ నొప్పెడుతుంది. అందుకే వారానికి రెండు రాత్రులు తమ్ముడు, నేను వంతులేసుకున్నాం.

నాన్న ఇప్పటికీ పొద్దున ఐదింటికే గడ్డం గీసుకుంటారు. చెయ్యి వణుకుతుంది. నేను గీస్తానంటే ఒప్పుకోలేదు. తమ్ముడు ఏమీ అడక్కుండా అద్దం కిందికి దించి, స్టూలు వేసి, పక్కన లైటు పెట్టాడు. ఇప్పుడు కూర్చుని తనే గీసుకుంటున్నారు. చెవి కింద నాలుగు వెంట్రుకలు మిగిలిపోతాయి. వాటి జోలికి మేం పోం.